అమావాస్యకు ఆపే పెట్టె

ఇది రాయక తప్పని పరిస్థితి వచ్చింది. ధర్మవరం పట్టు బజారులో ఎవరి కంప్యూటరు మొరాయించినా ఇప్పుడు నన్ను పిలుస్తున్నారు. "నీకు తెలుసంట గదప్పా, ఏ పెట్టె కొనాల చెప్పు" అంటారు. మా సావుకారేమో, మావాడు లైబ్రరీ అంతా చదివి ఎంపిక చేశాడని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. మా నాయనేమో తను గీసిన అంచులే ఆ పెట్టెను ఎంపిక చేశాయంటాడు. దాన్ని అమ్మినవాడి మాట వేరేగా ఉంది. ఇందులో ఎవరిది నిజమో తేలేలోగా నేనే మరచిపోయేలా ఉన్నాను. అందుకని గుర్తున్నంతవరకూ, జరిగిన వరసలో కాగితం మీద పెడుతున్నాను. ఇది చదివితే ఏ పెట్టె కొనాలో తెలుస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఆ సంగతి నాకే ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

నేను ఇంటర్ దగ్గర ఆగినవాణ్ని. తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లోనే. మా ఊరి శాఖలో తేనెటీగల పెంపకం నుంచి గ్రహణాల దాకా ఏదీ వదల్లేదు. అక్కడ అరలు అయిపోయాక అనంతపురంలోని పెద్ద గ్రంథాలయానికి ఎగబాకాను. జిల్లా మారి కలెక్టరాఫీసు పుట్టపర్తికి పోయింది గానీ నా జిల్లా ఇప్పటికీ ఆ చదువుకునే గదిలోని కిటికీ పక్క బల్లే. ఈ మాట చెప్పుకోవడంలో నాకు కొంచెం గర్వం ఉంది. ఉంటే ఉండనీ.

పని చేసేది ఒక పట్టుచీరల సంస్థలో. మగ్గాలు నేతగాళ్ల ఇళ్లలో ఉంటాయి, కొట్టు బజారులో ఉంటుంది, డిజైన్ల గది కొట్టు వెనక ఉంటుంది. ఆ గది నాది. అంచుల డిజైన్లు కంప్యూటరులో సరిచూసి, మగ్గం మీదికి ఎక్కే అట్టలకు రంధ్రాలు కొట్టడానికి పంపుతాను. ఆ రంధ్రాల వరసను బట్టే మగ్గం మీద బొమ్మ లేస్తుంది. సావుకారును మేమంతా మామ అంటాం. చుట్టరికం లేదు. మా నాయనా ఆయనా చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకున్నారు కాబట్టి నాకు మామ అయ్యాడు.

మా నాయన ఆ సంస్థకే గ్రాఫు రాసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఎర్ర పెన్సిలుతో గడులు నింపుతూ పోతే మామిడిపిందెలూ హంసలూ రుద్రాక్షలూ లేచేవి. షుగరు కళ్లకు తగిలాక పెన్సిలు పక్కన పెట్టాడు. ఆ కాగితాలన్నీ నేనే ఒక్కొక్కటిగా స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించాను. తర్వాత ఒక వానాకాలం, మాకు వచ్చిన ఆ కాస్త వానకే, గోడౌనులో చెదలు లేచి అసలు కాగితాలు మట్టయిపోయాయి. అప్పటినుంచి సాయంత్రం నేను ఇంటికి రాగానే నాయన ఒకటే అడుగుతాడు.

"నా బొమ్మలు ఉండాయా?"

"ఉండాయి నాయనా. యాడికి పోతాయి?"

ఆ బొమ్మలున్నది డిజైన్ల గది మూలన గాజు తలుపు బీరువాలో, ఒక నల్లటి పెట్టెలో. కొట్టు లెక్కలు చూసే సర్వరూ, డిజైన్లు చూసే సర్వరూ తమ సరుకంతా ఆ ఒక్క పెట్టెలోనే దాచుకునేవి. దాన్ని స్టోరేజ్ అర్రే అంటారు. చాలా డిస్కులు వరసగా నిలబెట్టిన అలమర అనుకుంటే చాలు. లెక్కలకు ఇంకో కాపీ ఉండేది, ఆడిటరు అడుగుతాడు కాబట్టి. డిజైన్లకు ఉండేది కాదు.

ఎందుకు లేదో మా బజారు తెలియనివాళ్లకు చెప్పాలి. కొత్త అంచు మగ్గమెక్కిన కొన్నాళ్లకే అదే అంచు పక్క వీధి కొట్లో వేలాడిందంటే ఆ సంవత్సరం నేత దండగ. కాపీ అన్న మాట మా దగ్గర తిట్టు కింద లెక్క. పెన్‌డ్రైవు పెట్టే రంధ్రాలన్నిటినీ మామ లక్క పోసి మూయించాడు. డిజైన్లకు రెండో కాపీ ఒకటి ఎక్కడైనా పెడదామని నేను ఎప్పుడన్నా, "దొంగకు తాళం నువ్వే చేసిస్తావా?" అనేవాడు.

రెండో అలవాటు అమావాస్య. ఆ రోజు మా దగ్గర మగ్గం దిగుతారు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నేత ముట్టరు. కొట్టుకు మొదటి కంప్యూటరు వచ్చిన రోజునే మామ దాన్నీ మగ్గాల్లో కలిపేశాడు. నెలనెలా అమావాస్య పొద్దున స్నానం చేసి వచ్చి, గాజు తలుపుకు బొట్టు పెట్టి, తన చేత్తో మెయిన్ స్విచ్ కిందికి దించేవాడు. మరుసటి రోజు పొద్దున పైకి ఎత్తేవాడు. ఇన్నేళ్లూ పెట్టె పడుకుంది, లేచింది.

ఒకరోజు పెట్టె కూయడం మొదలుపెట్టింది. ఒక డిస్కు దగ్గర ఆకుపచ్చ దీపం పోయి పసుపుది వెలిగింది. మామ కొట్టులోంచి లేచి వచ్చాడు.

"ఏమప్పా ఆ కూత? లోపల ఎలుక దూరిందా?"

"డిస్కు ఒకటి పోయింది మామా. ఒకటి పోయినా పెట్టె నడుస్తాది. ఇంకొకటి పోతే మాత్రం అంతా పోతాది."

"ఆ ఒక్కటి మార్చు."

"ఈ రకం డిస్కులు ఇప్పుడు రావడం లేదంట. పెట్టె మొత్తం కొత్తది తీసుకోవాల."

మామ నా వైపు తిరిగాడు. "నువ్వు గదా లైబ్రరీలో పుస్తకాలు మేసేది. చదివి ఒకటి చెప్పు. మరీ పెద్దది వద్దు, మరీ చిన్నది వద్దు. నడిమి రకం."

అంత పెద్ద పని నాకెవరూ ఎప్పుడూ అప్పగించలేదు. మరుసటి ఆదివారమే అనంతపురం రైలెక్కాను. గ్రంథాలయంలో కంప్యూటర్ల అర ఉంది గానీ అందులో పుస్తకాలు ఫ్లాపీల కాలం దగ్గరే ఆగిపోయాయి. గ్రంథాలయం మేడమ్ నన్ను చూసి జాలిపడి, ఇంజనీరింగ్ పిల్లలు వదిలేసిపోయిన పుస్తకాల కట్ట ఒకటి లోపలినుంచి తెచ్చిచ్చింది. అందులో ఒక లావుపాటిది స్టోరేజ్ గురించే. పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి అధ్యాయం బాగానే ఎక్కింది. ఒక డిస్కు పోయినా సరుకు ఎలా నిలుస్తుందో అందులో ఉంది. పడుగులో పోగు తెగితే రెండు పక్కలా చూసి దాని తావు కనుక్కుని అతుకుతాం కదా, అలా మిగిలిన డిస్కులు లెక్కగట్టి పోయిన దాంట్లో ఏముందో చెబుతాయి. కొన్ని పద్ధతుల్లో రెండు డిస్కులు పోయినా చెప్పగలవు. ఇది అర్థమైనప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

రెండో అధ్యాయం నుంచి మబ్బు కమ్మింది. సెకనుకు ఎన్నిసార్లు రాయగలదు, ఎన్నిసార్లు చదవగలదు అన్నదాన్ని బట్టి పెట్టెను ఎంచుకోవాలట. మరి మాకెన్ని కావాలి? పుస్తకంలో బ్యాంకు ఉదాహరణ ఉంది, ఆసుపత్రి ఉదాహరణ ఉంది. పట్టు అంగడి ఉదాహరణ లేదు. నడిమి రకం చీర అంటే నేను వేళ్లతో తాకి చెప్పగలను. పెట్టెల్లో చూస్తే ఒక కంపెనీ నడిమి రకం, ఇంకో కంపెనీ చిన్న రకం కన్నా చిన్నగా ఉంది. ఒకచోట రెండు మెదళ్లున్న పెట్టె కొనమన్నారు, ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుందట. ఆ రెండు మెదళ్ల కిందా ఉండే సరుకు ఒకటేనా, రెండా? ఆ పేరా ఎన్నిసార్లు చదివినా ఒకసారి ఒకటే అనిపించేది, ఒకసారి రెండనిపించేది. రైల్లో తిరిగొస్తుంటే ఒక్కటి మాత్రం తేలింది. వెళ్లేటప్పుడు నాకు తెలియనివి తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ.

ఆ వారంలోనే అమ్మేవాడొకడు వచ్చాడు. ఊరు మడకశిర వైపు, ఉద్యోగం బెంగళూరులో. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, నోట్లో సగం కన్నడం. మామ అతణ్ని చీరలు పరిచే తెల్ల పరుపు మీదే కూర్చోబెట్టాడు.

"సార్, ఇది పూర్తి ఫ్లాష్. తిరిగే డిస్కు ఒక్కటీ లేదు. ఇంకొక మాట, దీంట్లో పది పట్టే తావున నలభై పడతాయి."

"ఎట్ల పడతాయప్పా?"

"ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపేస్తుంది సార్. మిగిలినవాటిని ఒత్తి పెడుతుంది."

మామ నవ్వాడు. "తడి పట్టు అమ్మేవాడు కూడా ఇట్లనే చెప్తాడు."

అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను. పట్టునూలు తేమను పీల్చుకుంటుంది. చల్లటి గదిలో ఉంచి తెచ్చినవాడి తూకం ఎక్కువ పలుకుతుంది. అందుకని కొనేవాళ్లు మూట నడుమనుంచి ఒక చిలప, అంటే ఒక నూలు చుట్ట, మచ్చుకు లాగి, బాగా ఎండబెట్టి తూస్తారు. పైనున్న చిలప ఎవరూ తీయరు, అమ్మేవాడు పైన మంచిదే పెడతాడు కాబట్టి.

"నీ నలభై ఎండబెడితే ఎంత తూగుతాది?" అన్నాడు మామ.

"మీ సరుకు కొంచెం ఇవ్వండి సార్. మా ఆఫీసులో ఇదే మిషను ఉంది. వేసి చూసి చెప్తా."

మామ మొహం మారింది. డిజైన్లు గడప దాటాలి. ఆయన డిజైన్ల గది వైపు చూశాడు. చివరికి నాతో, "పాతవి ఇయ్యి. ఇప్పుడు మగ్గం మీద ఉండేవి ఒక్కటీ పోకూడదు" అని, అతనివైపు తిరిగాడు. "చూడు నాయనా. నీ మిషనులోది నువ్వు చెరిపెయ్. మేమిచ్చే డిస్కులోది మాత్రం ఈడికి తెచ్చి నా కండ్ల ముందర చెరపాల. నీ మాట మీద నమ్మకం లేక కాదు."

"మరి యాకె సార్?"

"నమ్మకం లేకనే. ఊరికే మర్యాదకు అట్లన్నా."

అతను లేస్తుంటే మామ ఇంకో ప్రశ్న అడిగాడు. "అమావాస్యకు దీన్ని ఆపుకోవచ్చునా?"

అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "ఆపేది ఎందుకు సార్? ఏళ్లకేళ్లు ఆపకుండా నడిచేదానికే చేసింది."

"ఆపకుంటే దానికి విశ్రాంతి ఎప్పుడప్పా?"

నా లావుపాటి పుస్తకంలో ఒకచోట వేడే డిస్కులకు శత్రువని ఉంది. ఆ లెక్కన విశ్రాంతి మంచిదే. ఇంకోచోట, ఏళ్ల తరబడి తిరుగుతున్న పాత డిస్కును ఆపితే మళ్లీ తిరగకపోవచ్చని ఉంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

మచ్చు ఏది ఇవ్వాలో నాకు తోచలేదు. పాతవంటే నాయనవే. సగం ఇద్దామా అనుకున్నాను. ఎక్కడ కోయాలో తెలియక మొత్తం ఇచ్చాను. లక్క గీకి ఒక రంధ్రం తెరిచి, నాయన బొమ్మలన్నీ అరచేతిలో పట్టే డిస్కులోకి ఎక్కించాను. మామ పక్కనే నిలబడి చూసి, వెంటనే లక్క మళ్లీ పోయించాడు. మడకశిర అతను డిస్కును బ్యాగులో వేసుకుని బెంగళూరు బస్సెక్కాడు.

తర్వాత అమావాస్య వచ్చింది. ముందురోజు సాయంత్రం మామ దగ్గరికి వెళ్లాను.

"మామా, ఈ ఒక్కసారికి పెట్టెను ఆపకుంటే బాగుంటాదేమో. ఒక డిస్కు పోయిండాది గదా."

"బాగుంటాదేమో అంటావు, బాగుంటాది అనవు. పుస్తకంలో ఏముండాది?"

"రెండు తీర్లుగా ఉండాది."

"అట్లయితే మన పద్ధతే చేద్దాం. ఇన్నేళ్లు పడుకుని లేచింది. ఈసారే లేవదా?"

లేవలేదు. స్విచ్ ఎత్తినాక సర్వర్లు లేచాయి, ఫ్యాన్లు తిరిగాయి, పెట్టెలో మాత్రం పసుపు దీపం పక్కన ఇంకొక పసుపు దీపం వెలిగింది. డిజైన్లు ఉండాల్సిన చోట తెర మీద ఏమీ లేదు. ఆపి మళ్లీ ఎత్తాం. మామ కొబ్బరికాయ కొట్టాడు. బెంగళూరులో ఇలాంటివి బాగుచేసేవాళ్లకు ఫోను చేస్తే, తెచ్చి ఇవ్వండి, చూస్తాం, మాట ఇవ్వలేం అన్నారు.

ఈ కబురు నాయనకు ఎవరు చెప్పారో తెలియదు. కర్ర తాటించుకుంటూ కొట్టుకు వచ్చాడు. మామ లేచి ఎదురువెళ్లి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"నా బొమ్మలు ఉండాయా?" అన్నాడు నాయన.



"నేనే ఆపినా బావా" అన్నాడు మామ. "వాడు వద్దనే చెప్పినాడు. గట్టిగా చెప్పలేదు, చెప్పడమైతే చెప్పినాడు."

"వానికి గట్టిగా చెప్పేది యాడ వస్తాది?" అన్నాడు నాయన. "చిన్నప్పుడు ఆకలైందని కూడా గట్టిగా అడిగినోడు కాదు."

అప్పటిదాకా నా తలలో డిస్కులూ దీపాలే తిరుగుతున్నాయి. చిన్నప్పుడు అన్న మాట విన్నాక ఎందుకో మచ్చు గుర్తొచ్చింది. గబగబా మడకశిర అతనికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టాను.

"సార్, నేనే చేద్దామని ఉన్నా" అన్నాడతను. "మచ్చు చూసినాం. పెద్దసారు చెప్పిందే నిజం. మీ బొమ్మలు స్కాన్ చేసేటప్పుడే ఒత్తి పెట్టినవి. వాటిని ఇంక ఒత్తేదానికి కాలేదు. పది తావున పదే పడతాయి. నలభై అన్నందుకు తప్పుగా అనుకోవద్దండి సార్."

మామ ఫోను మీదికి వంగాడు. "అది పక్కన పెట్టప్పా. మా బొమ్మలు యాడ ఉండాయి?"

"చెరిపేసినాను సార్, మీరు చెప్పినట్టే. మా మిషనులో ఒక్క బొమ్మా లేదు. మీకేం భయం లేదు."

నాయన కర్ర పట్టుకుని లేవబోయాడు.

"డిస్కు?" అన్నాను.

"డిస్కు ముట్టుకోలేదు. సారు కండ్ల ముందరే చెరపాల అన్నారు గదా. బ్యాగులోనే ఉండాది."

మామ ఫోనును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "నాయనా, చెరపద్దు. పార్సిలు వెయ్యద్దు. నువ్వే తీసుకుని రా. భోజనం మా ఇంట్లోనే" అన్నాడు.

నాయన బొమ్మలు అలా దక్కాయి. మిగిలినవన్నీ దక్కాయని చెప్పను. మగ్గాల మీద ఉన్నవాటి అట్టలు నేతగాళ్ల ఇళ్లలో ఉంటాయి కాబట్టి ఊళ్లన్నీ తిరిగి, అట్టల రంధ్రాలు చూసి మళ్లీ గీసుకున్నాం. నడుమ సంవత్సరాలవి, మగ్గం దిగిపోయినవి, చాలా పోయాయి. అట్టల కట్టలు కొందరు పొయ్యిలో పెట్టేశారు, కొందరు పాత సామాన్లవాడికి వేసేశారు.

కొత్త పెట్టె ఆ మడకశిర అతని దగ్గరే కొన్నాం. తన సరుకు తూగలేదని తనే చెప్పినవాడు ఇంకొకడు దొరకడని మామ అన్నాడు. పూర్తి ఫ్లాష్ వద్దనుకున్నాం. ఒత్తినా తగ్గని బొమ్మలకు ఖాళీ చోటే కావాలి కాబట్టి, కొంత ఫ్లాషూ ఎక్కువభాగం తిరిగే డిస్కులూ ఉన్న నడిమి రకం తీసుకున్నాం. నాయన తన అంచులే ఎంపిక చేశాయనేది ఇందుకే. రెండు డిస్కులు పోయినా నిలిచేటట్టు పెట్టమని పట్టుబట్టింది నేను. మెదళ్లు రెండైనా కింద సరుకు ఒకటేనని మడకశిర అతనే చెప్పాడు. అప్పుడు మామ తనంతట తానే ఇంకో చిన్న పెట్టె తీసుకుని తన ఇంట్లో, జరీ దాచే ఇనప్పెట్టె పక్కన పెట్టించాడు. వారానికొకసారి డిజైన్లన్నీ దాంట్లోకి వెళ్తాయి. దాన్ని కాపీ అని ఆయన ఇప్పటికీ అనడు. "మచ్చు తీసినావా?" అంటాడు.

ఇన్ని కారణాల్లో ఏది లేకపోయినా ఇదే పెట్టె కొనేవాళ్లమా? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే మొత్తం కథ చెప్పాల్సి వస్తోంది. వాళ్లు నడుమలోనే లేచిపోతున్నారు.

కొత్త పెట్టెకు మొదటి అమావాస్య వచ్చింది. మామ స్నానం చేసి వచ్చి గాజు తలుపుకు బొట్టు పెట్టాడు. చెయ్యి స్విచ్ దాకా పోయి అక్కడే ఆగింది.

"షుగరు వచ్చినాక డాక్టరు నన్ను ఉపవాసాలు మానమన్నాడు" అన్నాడు. "దీనికీ అంతే అనుకుందాం." ఆ రోజు తెరలన్నీ ఆపాం, డిజైను ఏదీ తెరవలేదు. పెట్టె ఒక్కటే మూలన ఆకుపచ్చ దీపాలతో నడిచింది. అది మా నియమాన్ని పాటించినట్టా, తప్పినట్టా అన్నది మామనే అడగాలి.

తర్వాత ఒక రోజు నాయనను డిజైన్ల గదికి తీసుకొచ్చి, ఆయన మామిడిపిందె అంచును తెర నిండా పెద్దది చేసి చూపించాను. ఆయన మొహాన్ని తెరకు ఆనించి, ఒక్కో గడిమీదా వేలు నడిపాడు. గడి అంత పెద్దగా కనపడడం ఆయనకు అదే మొదటిసారి.

"ఈ తోక చూడు. ఒక గడి పక్కకు పోయింది. ఇన్నేళ్లు ఒక్కడూ చెప్పలేదే!"

"బాగా అమ్ముడుపోయింది గదా బావా, ఎవురు చెప్తారు?" అన్నాడు మామ వాకిట్లోంచి.

"సరిచెయ్" అన్నాడు నాయన నాతో. సరిచేశాను. పాతది చెరిపెయ్యాలా, రెండూ ఉంచాలా అని అడిగితే ఆయన మామ వైపు తిరిగాడు, మామ నా వైపు చూశాడు. రెండూ ఉంచాను.

ఇక కృతజ్ఞతలు. బజారు సంగతి తెలిసిందే కాబట్టి పేర్లు రాయొద్దని మామ ఆజ్ఞ. అందుకని వరసలతోనే చెప్పుకుంటున్నాను. ఇంటికివ్వకూడని పుస్తకాన్ని నాకు ఇంటికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, పదికి పదే పడతాయని ఒప్పుకున్న మడకశిర అన్నకు, పాత అట్టలను పొయ్యిలో పెట్టకుండా అటక మీద దాచిన యాడికి ఊరి దారిలోని నేత అక్కలకు, నమ్మకం లేదని మొహాన చెప్పి మా బొమ్మలను కాపాడిన మామకు. చివరగా నాయనకు. ఆయన ఇప్పటికీ సాయంత్రం అదే అడుగుతాడు. నేను, "ఉండాయి నాయనా, రెండు తావుల ఉండాయి" అంటాను. "రెండు తావులు ఎందుకప్పా?" అని ఆయన రోజూ కొత్తగా అడుగుతాడు, నేను మళ్లీ మొదటినుంచి చెబుతాను.